రిమార్క్స్ గడిలో చుక్క

నేను దెయ్యాలను నమ్మను. ఇది రాయడానికి కూర్చున్నాక కూడా నమ్మడం లేదు. మా వీధిలో ఎవరింట్లోనో అటక మీద అడుగుల చప్పుడు వినిపిస్తోందంటే, ముందు ఎలుకల బోను పెట్టి చూడమని చెప్పే రకం నేను.

నా ఉద్యోగం కూడా అలాంటిదే. డేటాబేస్‌లో ఒక అంకె మారిందంటే ఎవరో ఒకరు మార్చారన్నమాటే. దానంతట అది మారదు. "నేనేం ముట్టుకోలేదండీ, అదే అలా అయిపోయింది" అనే మాట ఈ పనిలో వారానికోసారైనా వింటాను. నవ్వి ఊరుకుంటాను. ఎవరు మార్చారో కాసేపట్లో నాకు ఎలాగూ తెలిసిపోతుంది.

ఒక్కదాని విషయంలో మాత్రం ఇప్పటికీ తెలియలేదు. దాని గురించే ఇది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మా నాన్నది గోదావరి వైపు ఊరు. స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం రావడంతో కూర్మన్నపాలెంలో స్థిరపడ్డాం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అక్కే. జడలు వేసిందీ, లెక్కలు చెప్పిందీ, అల్లరి చేస్తే నెత్తి మీద మొట్టిందీ అంతా ఆవిడే. నేను కంప్యూటర్ చదువు చదివి, ద్వారకా నగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. చుట్టూ కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు. కింద బజ్జీల బండి.

మా బిల్డింగ్‌లోనే పై అంతస్తులో రక్తదాతల సంఘం ఒకటి ఉండేది. ఒక గది, ఒక ఫోను, రెండు బల్లలు, అంతే. ఎవరికైనా రక్తం కావాలంటే వాళ్ళ దగ్గరున్న దాతలకు ఫోన్లు చేసి ఆస్పత్రికి పంపించేవారు. పైసా తీసుకునేవారు కాదు. వాళ్ళకు దాతల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టమని మా బాస్ నాకు అప్పగించాడు. ఉచితంగా చేసే పని కాబట్టి కంపెనీలో అందరికన్నా జూనియర్నైన నాకే తగిలించాడు.

పేరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు, చివరిసారి రక్తం ఇచ్చిన రోజు, రిమార్క్స్. ఇంత చిన్న టేబుల్. దాన్ని వాడేది ఐదారుగురు వాలంటీర్లు. పని మొదలైన నెలలోపే గొడవలు మొదలయ్యాయి. ఒకరు సరిచేసిన నంబరు ఇంకొకరు తప్పు చేసేవారు. అడిగితే నేను కాదంటే నేను కాదు.

అందుకని ఆ టేబుల్‌కి ఒక ట్రిగ్గర్ పెట్టాను. ట్రిగ్గర్ అంటే ఏం లేదు, కాపలా కాసే చిన్న ప్రోగ్రాం. ఎవరైనా ఒక రికార్డులో ఏదైనా మార్చి సేవ్ చేస్తే చాలు, ముందు ఏముండేది, ఇప్పుడు ఏమైంది, మార్చింది ఎవరి లాగిన్, ఏ టైముకి అన్నీ పక్కన ఇంకో టేబుల్లో రాసి పెడుతుంది. ఆ రెండో టేబుల్లో చెయ్యి పెట్టడానికి వాలంటీర్లు ఎవరికీ వీల్లేదు. ఏమీ మార్చకపోతే అది నోరు మూసుకుని కూర్చుంటుంది.

దాని విలువ అందరికీ తెలిసొచ్చింది టెలిఫోన్ల వాళ్ళు ల్యాండ్‌లైన్ నంబర్లన్నిటి ముందూ రెండు చేర్చినప్పుడు. అప్పలనాయుడు అనే వాలంటీరు ఉత్సాహంగా కూర్చుని నంబర్లన్నిటికీ రెండు తగిలించాడు. అది తెలియని ఇంకొకాయన మర్నాడొచ్చి మళ్ళీ ఓ రెండు తగిలించాడు. ఎవరికి ఫోన్ చేసినా ఈ నంబరు లేదనే వస్తోంది. ట్రిగ్గర్ రాసిపెట్టిన పాత నంబర్లు తీసి, కాఫీ తాగేలోపు అన్నీ సరిచేశాను. అప్పట్నుంచి నాయుడు దాన్ని "ట్రిగ్గర్ గారు" అని పిలవడం మొదలెట్టాడు.

"ఆయనున్నాడని బయమేసి నాను మంచిగా పని సేత్తన్నాను మేడమ్" అనేవాడు.

ఆ సంఘానికి అసలు ప్రాణం పైడిరాజు గారు. పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఓడలోంచి క్రేను సరుకు దించుతుంటే గట్టు మీద నిలబడి లెక్క రాసుకునే ఉద్యోగం అది. సరుకు నింపిన వల గట్టు మీద దిగడం కళ్ళారా చూస్తే కాగితం మీద ఒక చుక్క. పక్కవాడు చెప్పాడనో, చప్పుడు వినిపించిందనో పెట్టకూడదు. జీవితమంతా ఆ చుక్కలు పెట్టి పెట్టి, ఆ అలవాటు మా కంప్యూటర్లోకి కూడా తెచ్చారు.

ఆయన తీరిక దొరికినప్పుడల్లా దాతలకు ఊరికే ఫోన్ చేసేవారు. హలో కూడా అనేవారు కాదు. "టిఫినయిందా?" అన్నదే మొదటి మాట. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు కదా, అక్కణ్ణుంచి వచ్చిందనుకుంటాను ఆ అలవాటు. మంచీ చెడ్డా కనుక్కుని, మనిషి ఊళ్ళో ఉన్నాడు, ఒంట్లో బాగుంది, పిలిస్తే వస్తాడు అని రూఢి అయ్యాక రిమార్క్స్ గడిలో ఉన్నదంతా చెరిపేసి ఒక చుక్క పెట్టేవారు. ఒకే ఒక్క చుక్క.

నాకు ఒళ్ళు మండేది. అందుబాటులో ఉన్నారు, లేరు, తర్వాత పిలవాలి అని ఎంచుకోవడానికి ఒక పద్ధతి పెట్టి ఇచ్చాను. ఆయన దాని వంక కూడా చూసేవారు కాదు.

"చుక్క అంటే ఏమిటో ఇంకెవరికైనా తెలుస్తుందా పైడిరాజు గారూ?" అని అడిగాను ఒకసారి.

"సుక్క అంటే నాను సూసుకున్నాను అని. మరింకేటి తెలవాలమ్మా?" అన్నారు.

ఇంకో తలనొప్పి కూడా ఉండేది. ఆయనకి తన పాస్‌వర్డ్ ఎప్పుడూ గుర్తుండేది కాదు. నాది మాత్రం ఎలాగో పట్టేశారు. గోడ క్యాలెండర్ వెనకాల రాసి పెట్టుకున్నారు కూడా. ఎప్పుడు చూసినా నా లాగిన్‌లోనే కూర్చుని పని చేసేవారు. మీరు చేసినవన్నీ ట్రిగ్గర్ నా పేరు మీద రాస్తోందండీ అని మొత్తుకునేదాన్ని. "నీ పేరు మీద రాస్తే ఏటమ్మా, పనయింది కదా" అని నవ్వేసేవారు. నేను పాస్‌వర్డ్ మార్చడం, ఆయన బతిమాలో బామాలో కొత్తది రాబట్టడం. ఆయన మీద కోపం తెచ్చుకోవడం నావల్ల అయ్యేది కాదు.

ఆ ఏడాది అక్కకి రెండో కాన్పు. అక్కది ఓ నెగటివ్. నాదీ నాన్నదీ కాదు, బావది కూడా కాదు. మొదటి కాన్పులోనే రక్తం దొరక్క చాలా అవస్థ పడ్డాం. అందుకే కబురు తెలిసిన రోజే పైకి వెళ్ళి పైడిరాజు గారికి చెప్పాను. ఆయన అక్క ఎలా ఉంది, ఏం తింటోంది అన్నీ అడిగారు.

"నువ్వు బెంగెట్టుకోకు తల్లీ. పురుడు టైముకి నాను సూసుకుంటాను" అన్నారు.

ఆ తర్వాత ఎన్నాళ్ళో లేరాయన. ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారట, మరి లేవలేదు. కబురు వినగానే నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. మాటిచ్చి ఇలా వెళ్ళిపోతారా అనిపించింది. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

ఆయన లాగిన్ తీసేశాను. నా పాస్‌వర్డ్ మార్చాను. కొత్తది ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాసుకోలేదు. క్యాలెండర్ వెనకాల ఆయన రాసుకున్నది మాత్రం చింపడానికి మనసు రాలేదు, అలాగే వదిలేశాను. ఆ తర్వాత చుక్కలు పెట్టేవారు లేరు. నాయుడూ మిగతావాళ్ళూ నేను చెప్పిన పద్ధతిలోనే మార్చుకుంటూ వచ్చారు. పాత చుక్కలు ఒక్కొక్కటే చెరిగిపోయాయి.

అక్కకి నెలలు నిండే ముందే డాక్టరు, మాయ కిందికి ఉంది జాగ్రత్త అని చెప్పింది. ఆపరేషన్‌కి రోజు పెట్టి, ముందుగానే నర్సింగ్ హోంలో చేర్పించుకుంది. ఒక బాటిల్ రక్తం సిద్ధంగా పెట్టుకున్నాం. ఇంకోటి ఆ రెండు మూడు రోజుల్లో చూడాలనుకుంటున్నాం. అక్క దగ్గర పడుకోవడానికి నేను వెళ్ళాను.

తెల్లవారి, ఆయా కాఫీ తెచ్చి ఇచ్చాక అక్కకి రక్తం పోవడం మొదలైంది. అప్పటిదాకా బాగానే ఉంది, నాతో బిడ్డకి పెట్టే పేర్ల గురించి మాట్లాడుతోంది కూడా. డాక్టరు వచ్చి చూసి, ఇంక ఆగడానికి లేదు, ఒక బాటిల్ సరిపోదు, ఇంకోటి ఎక్కడున్నా తెప్పించండి అంది. బావ బ్లడ్ బ్యాంకుల వెంట పరిగెత్తాడు. అక్క నా చెయ్యి పట్టుకుని పెద్దదాన్ని బడికి ఎవరు పంపుతున్నారని అడిగింది. అమ్మ పోయినప్పుడు నాకు ఊహ తెలియదు. ఈసారి అన్నీ తెలుస్తున్నాయి.

దాతల వివరాలన్నీ ఆఫీసులో, కంప్యూటర్లో ఉన్నాయి. తాళం నాయుడి దగ్గరుంది. అతనింట్లో ఫోన్ లేదు. ఆటో ఎక్కి ద్వారకా నగర్ వెళ్ళి, మెట్ల మీద కూర్చున్నాను. అతను వచ్చి తాళం తీశాడు. రోజూ సాయంత్రం వెళ్ళేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్ళడం అక్కడి పద్ధతి. అది కూడా నా ఎదురుగానే వేశాడు. కంప్యూటర్ నా ఎదురుగానే ఆన్ చేశాడు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

నేను లోపలికి లాగిన్ అయి ఓ నెగటివ్ వాళ్ళను తీశాను. సగం స్క్రీన్ కూడా నిండలేదు. మొదటాయన కిందటి నెలే ఇచ్చాడు. రెండో ఆవిడ జ్వరంతో ఉంది. ఇంకొకరి ఫోను మోగుతోంది, ఎత్తేవారు లేరు. ఒకబ్బాయి హైదరాబాద్ వెళ్ళిపోయాడని వాళ్ళమ్మ చెప్పింది.

ఆ కింద గోవిందు పేరు ఉంది. ఎలమంచిలి అతను, సరుకు ఓడలో పని చేస్తాడు. ఓడెక్కితే నెలల తరబడి రాడు. పోర్టులో పని చేసిన రోజుల్నుంచీ పైడిరాజు గారికి బాగా పరిచయం. అతను ఓడెక్కినప్పుడు "ఓడ మీద ఉన్నాడు, పిలవొద్దు" అని ఆయనే దగ్గరుండి రాయించారు. అక్క కోసం ఈ జాబితా నేను ఎన్నిసార్లు చూసుకున్నానో, ఆ మాట నాకు కంఠతా వచ్చు. రెండు రోజుల క్రితం చూసినప్పుడు కూడా అదే ఉంది.

ఇప్పుడు రిమార్క్స్ గడిలో ఒక చుక్క ఉంది.

"ఇది ఎవరు మార్చారు నాయుడూ?"

అతను వంగి చూశాడు.

"నాను ముట్టనేదు మేడమ్. మీ ఎదురుగానే కదా ఆన్ సేసేను. నిన్న సాయంత్రం దాకా నానొక్కడినే ఉన్నాను, ఎవులూ రానేదు."

ఆలోచించే టైం లేదు. అతనిది పి.పి. నంబరు, అంటే ఇంట్లో ఫోన్ లేక పక్కవాళ్ళది ఇచ్చాడు. పక్కింట్లో ఒకావిడ టిఫిన్ హోటల్ నడుపుతుంది, ఆ ఫోను. బయటి ఊళ్ళకి ఎవరూ చేయకుండా ఫోనుకి వేసిన ఎస్టీడీ తాళం నాయుడి చేత తీయించి చేశాను. గోవిందు గారిని పిలుస్తారా, రక్తదాతల సంఘం నుంచి అన్నాను.

"మల్లీ ఏటమ్మా? పొద్దున్నే సేసేరు కదా" అందావిడ. "అతను తొలి బస్సుకే ఎలిపోనాడు. రక్తం ఇవ్వాలని సెప్పి మీరే కదా రమ్మన్నారు."

ఎవరు చేశారు అని అడిగాను.

"ఎవులో పెద్దాయన. ఫోన్ ఎత్తగానే టిఫినయిందా అన్నారు. నాకేటి టిఫిను బాబూ, ఇంకా పొయ్యే ఎలిగించనేదు అన్నాను. నవ్వేసి, గోవిందుని పిలమన్నారు."

ఫోన్ పెట్టేశాక నాయుడికి ఆవిడ చెప్పింది చెప్పాను. అతను కుర్చీలో కూర్చుండిపోయాడు. అంతలోనే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నల్లగా, దిట్టంగా ఉన్న మనిషి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో సంచి. బస్సు దిగి ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచొచ్చాడు.

"పైడిరాజు గారు రానేదేటి ఇంకా?" అని అడిగాడు.

అతనికి తెలియదు. పైడిరాజు గారు పోయినప్పుడు అతను ఓడ మీద ఉన్నాడు. నాయుడే తేరుకుని, ముందు ఆస్పత్రికి పదండి, అన్నీ తర్వాత అన్నాడు. ముగ్గురం ఆటో ఎక్కాం. దారిలో గోవిందు తనే మాట్లాడాడు. ముందు రోజు సాయంత్రమే ఇంటికి చేరాడట. ఇంకా సామాను కూడా విప్పుకోలేదట. తను దిగిన సంగతి ఇంత తొందరగా ఈయనకెలా తెలిసిందా అనుకున్నాడట. రేవులో ఎవరో చెప్పి ఉంటారని సరిపెట్టుకున్నాడట.

రక్తం తీసి, పరీక్షలు చేసి, సరిపోయిందని చూసుకుని అక్కకి ఎక్కించారు. మధ్యాహ్నానికి పాప పుట్టింది. బావ ఖాళీ చేతులతోనే తిరిగొచ్చాడు. ఆ రెండో బాటిల్ ఇంకాస్త ఆలస్యమైతే తల్లి గురించి మాట ఇవ్వలేకపోయేదాన్నని డాక్టరు తర్వాత మాతో చెప్పింది. నేను వరండాలోకొచ్చి గోడకి జారగిలబడి గట్టిగా ఏడ్చాను. నర్సులు చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

గోవిందుకి టీ, బిస్కెట్లు ఇచ్చి పక్కన కూర్చుని పైడిరాజు గారి సంగతి చెప్పాను. అతను గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆయన గొంతు నాకు తెల్దా మేడమ్" అన్నాడు. "మనోళ్ళకే కావాలిరా, కడుపు నిండా తినేసి బయల్దేరు అన్నారు. ఎలాగున్నారండీ అని నానడిగితే, బాగున్నాను అన్నారు."

తర్వాత అతను అడిగింది ఒక్కటే, పైడిరాజు గారి ఇల్లు ఎక్కడని. చిరునామా చెప్పాను. అటునుంచి అటే వెళ్ళాడు.

అక్క కాస్త తేరుకున్నాక, ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళి ట్రిగ్గర్ రాసిన టేబుల్ తెరిచాను. నిజం చెప్పొద్దూ, వెళ్ళేటప్పుడు నాకు భయం లేదు, కాస్త ఉత్సాహంగా కూడా ఉంది. ఎవరో చేశారు, వాళ్ళు దొరుకుతారు, వాళ్ళకి దండం పెట్టి స్వీట్లు ఇవ్వాలి. నాయుడే చేసి చెప్పడం లేదేమో అని కూడా అనుమానం.

గోవిందు రికార్డు దగ్గర ఒక వరస ఉంది. ముందు ఉన్నది, ఓడ మీద ఉన్నాడు, పిలవొద్దు. ఇప్పుడు ఉన్నది, చుక్క. టైము చూశాను. అక్కకి ఇంకా ఏమీ కాకముందు, నేను మెట్ల మీద కూర్చోవడానికి చాలా ముందు, ఆ రోజు తెల్లవారుజామున.

మార్చిన వాళ్ళ లాగిన్, పద్మ.

నా పేరు పద్మ.

ఆ టైముకి నేను నర్సింగ్ హోంలో అక్క మంచం పక్కన ఉన్నాను. అక్కా, ఆయా ఇద్దరూ సాక్షులు. నా పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు. క్యాలెండర్ వెనకాల ఉన్నది పాతది, కొట్టి చూశాను, పనిచేయలేదు.

కంప్యూటర్ గడియారం తప్పేమో అనుకున్నాను. సరిగ్గానే ఉంది. ఆ ముందు రోజు నాయుడు చేసిన మార్పులు, ఆ తర్వాతవి అన్నీ సరైన టైములతోనే ఉన్నాయి. డేటాబేస్ ఎప్పుడు ఆన్ అయిందో, ఎప్పుడు ఆగిందో అది వేరే చోట రాసుకుంటుంది. అదీ తీశాను. ముందు రోజు సాయంత్రం ఆగింది, మర్నాడు నాయుడు స్విచ్ వేశాకే లేచింది. మధ్యలో లేవలేదు. అంటే డేటాబేస్ నిద్రపోతున్న టైములో, అందులో ఒక రికార్డు మారింది. మారినట్టు నా ట్రిగ్గర్ నమోదు చేసింది. ఇది ఎలా కుదురుతుందని నన్నడిగితే, కుదరదు అనే చెబుతాను.

ట్రిగ్గర్‌లోనే తప్పుందేమోనని వేరే కంప్యూటర్లో పెట్టి ఎన్నో రకాలుగా పరీక్షించాను. కంపెనీలో నాకన్నా పెద్దవాళ్ళకి, ఊరూ పేరూ చెప్పకుండా, ఇలా జరగొచ్చా అని అడిగాను. బయటి నుంచి ఎవరో వచ్చుంటారన్నారు. ఆ మెషీన్‌కి ఇంటర్నెట్ లేదు, ఫోన్ లైనుకి కలపలేదు. ఫోను సంగతి కూడా వదలలేదు. టెలిఫోన్ ఆఫీసులో కాల్స్ వివరాలు తీయించాను. ఆ రోజు మా సంఘం ఫోను నుంచి ఎలమంచిలికి వెళ్ళిన కాల్ ఒక్కటే. అది నేను చేసింది.

చివరికి పైడిరాజు గారి భార్యని కలిశాను. ఆయన గొంతుతో మాట్లాడగల అన్నదమ్ములెవరైనా ఉన్నారేమో కనుక్కుందామని. ఆవిడ పెరట్లో కూర్చుని చేపలు కోస్తోంది. పీట చూపించి కూర్చోమంది. నేను మొదలుపెట్టేలోపే, గోవిందు వచ్చి అంతా చెప్పాడంది.

మీకు భయం వేయలేదా అని అడిగాను.

"బయమేటమ్మా? ఆరికి కాలీగా కూకోడం సేతకాదు కదా" అంది, చేప మీంచి కళ్ళు ఎత్తకుండా. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీయక్క బాగుందా? పాప పాలు తాగతందా?"

బాగుంది, తాగుతోంది అన్నాను. అన్నదమ్ముల సంగతి అడగడం మర్చిపోయి వచ్చేశాను.

తర్వాత కొన్నాళ్ళకి ఆ సంఘం ఇంకో పెద్ద సంస్థలో కలిసిపోయింది. వివరాలన్నీ వాళ్ళ సిస్టంలోకి మార్చే పని కూడా నేనే చేశాను. దాతల పేర్లు చాలు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆ పాత చరిత్ర మాకు అక్కర్లేదన్నారు. వాళ్ళకి అక్కర్లేనిది నేను తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కంప్యూటర్ మార్చినప్పుడల్లా ముందు అదే ఎక్కించుకుంటాను.

ఆ రోజు పుట్టిన పాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. నాలాగే కంప్యూటర్లు. మొన్న ఇంటికొచ్చినప్పుడు మొదటిసారి దానికి ఆ వరస తీసి చూపించాను. అది నాకన్నా ఘనురాలు, దేన్నీ నమ్మదు. చాలాసేపు చూసి, మొదటి నుంచి మళ్ళీ చదివి, "పిన్నీ, దీని ప్రకారం ఈ చుక్క పెట్టింది నువ్వే కదా" అంది.

అవును, నేనే. రికార్డులో అలాగే ఉంది. నా ట్రిగ్గర్ ఇంతవరకూ ఒక్క అబద్ధం కూడా రాయలేదు. నేను మాత్రం ఆ చుక్క పెట్టలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

దానికి టిఫినయిందా అని అడిగి, దోశలు వేయడానికి లేచాను.